బొబ్బిలి సైన్యాన్ని దేనితో పోతపోయాలి?

ఈ సంవత్సరం మన హాస్టల్లో జరిగిన వాగ్వాదాల్లో ఎన్నికల తర్వాతి స్థానం నిస్సందేహంగా బొమ్మలదే. టేబుల్ టెన్నిస్ బల్ల మీద బొబ్బిలి యుద్ధం ఆడాలని కొందరు మిత్రులు సంకల్పించారు. బొటనవేలంత సిపాయిలు, ఒక కొలబద్ద, పాచికలు, నిబంధనల పుస్తకం, ఇదీ సరంజామా. వందకు పైగా బొమ్మలు కావాలి. అవి రెసిన్‌వి కావాలా, లోహంవి కావాలా అన్న దగ్గర జట్టు రెండుగా చీలిపోయింది. విజయనగరం వాళ్ళంతా రెసిన్ పక్షం, బొబ్బిలి వాళ్ళంతా లోహం పక్షం కావడం కేవలం కాకతాళీయమే అనుకుందాం! నాది కళింగపట్నం పక్క పల్లె. ఏ కోటతోనూ నాకు పేచీ లేదు. అంచేత నాలుగు మాటలు చెప్పొచ్చనుకుంటాను.

బొమ్మలతో యుద్ధమేమిటి, పిల్లకాయల ఆట అని పెద్దలు నవ్వవచ్చు. 1913లో హెచ్.జి. వెల్స్ అంతటివాడు ఈ ఆటకోసం 'లిటిల్ వార్స్' అని ఒక పుస్తకమే రాశాడు. ఆయన నేలమీద కూర్చుని, లోపల డొల్లగా పోసిన సీసపు సిపాయిల్ని బొమ్మ ఫిరంగితో పడగొట్టేవాడు. అసలు యుద్ధం కంటే ఈ యుద్ధమే మేలన్నది ఆయన వాదన. మరుసటి ఏడే ప్రపంచ యుద్ధం వచ్చిపడిందనుకోండి, అది వేరే సంగతి.

ఇక అసలు విషయం. లోహం అనగానే మనవాళ్ళు ఇత్తడి అనుకుంటున్నారు. సారవకోట దగ్గర బుడితి ఉండగా మనకేం లోటు, అక్కడే పోయిద్దాం అన్నాడొక మిత్రుడు. బుడితి కంచు, ఇత్తడి సామానుకు భౌగోళిక గుర్తింపు ఉందన్నది నిజమే, అది మన జిల్లాకు గర్వకారణమే. కానీ ఇత్తడి కరగాలంటే 900 డిగ్రీలు దాటాలి. చెంబుకీ, గంటకీ అది సరే. రెండంగుళాలైనా లేని సిపాయి మీసం, తలపాగా మడత అందులో తేలాలంటే ఆ పనివాళ్ళకు మనం పెట్టేది పరీక్షే. ఈ ఆటలో వాడే లోహం వేరు. అది తగరం, గట్టిదనానికి కాస్త ఆంటిమొనీ. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. వేడికి తట్టుకునే సిలికాన్ రబ్బరు అచ్చులో పోయవచ్చు. విరిగిన బొమ్మని మళ్ళీ కరిగించి మళ్ళీ పోయవచ్చు.

రెసిన్‌కి ఆ యోగం లేదు. ఒకసారి గట్టిపడిందంటే దాని అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని వలలా అల్లుకుపోతాయి, వేడిచేస్తే మాడుతుందే గాని కరగదు. మా నాన్నకి ఈ రసాయన శాస్త్రం తెలియదు. అయినా "ఇత్తడి బిందె సొట్టపడితే తూకానికి డబ్బులొస్తాయి, పలాస్టిక్కు బిందె పగిలితే ఏటొస్తాదిరా?" అని ఒక్క మాటలో తేల్చేశాడు.

అలాగని రెసిన్ పక్షాన్ని తీసిపారేయలేం. వాళ్ళ చేతిలో బలమైన ఆయుధముంది. ఇంజనీరింగు మిత్రుల దగ్గర త్రీడీ ప్రింటరుంది, కంప్యూటర్లో బొమ్మ గీస్తే తెల్లారేసరికి సిపాయి తయారు. నగిషీ కూడా లోహం కంటే చక్కగా తేలుతుంది. ఐతే పోత రెసిన్‌కి దాని కష్టాలు దానికున్నాయి. 2011లో గేమ్స్ వర్క్‌షాప్ అనే ఇంగ్లండు కంపెనీ తన లోహపు బొమ్మల్లో చాలావాటిని 'ఫైన్‌కాస్ట్' అనే రెసిన్‌లోకి మార్చింది. గాలి బుడగలతో ముక్కులు, వేళ్ళు తొర్రిపోయాయని కొన్నవాళ్ళు గోలపెట్టారు.

మన ఊళ్ళ సంగతి మనం చూసుకోవాలి. సెలవుల్లో ఆట మా ఇంటి వసారాలో అని అందరూ నిర్ణయించేశారు (నన్నడక్కుండానే). కళింగపట్నంలో మధ్యాహ్నం తిరిగేసరికి సముద్రపు గాలి ఎలా కొడుతుందో ఈ మహానుభావులకి తెలీదు. తగరం సాంద్రత 7.3. రెసిన్‌ది ఒకటికి కాస్త ఎక్కువ. అంటే అదే కొలత సిపాయి రెసిన్‌లో ఆరోవంతు బరువు. బుస్సీ దొర పటాలమంతా మా అరుగు దిగి పెరట్లోకి కవాతు చేస్తుంది. పైగా మే నెల ఎండకి రెసిన్ ఈటె వంగిపోతుంది, చెయ్యి జారితే పుటుక్కుమంటుంది. లోహపు ఈటె వంగినా వేలితో సరిచేసుకోవచ్చు. మాటిమాటికీ వంచితే అదీ విరుగుతుంది.

రంగు విషయంలో మాత్రం రెసిన్‌దే పైచేయి. సబ్బునీళ్ళతో కడిగి వేస్తే పట్టుకుని ఉంటుంది. లోహం మీద అస్తరు సరిగా పడకపోతే అంచుల దగ్గర పెచ్చులూడుతుంది.

ఇంతకన్నా ముఖ్యమైనది ఒకటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడ్డం లేదు. గట్టిపడని ప్రింటరు రెసిన్ చర్మానికి తగిలితే దద్దుర్లొస్తాయి, కొందరికి అది జీవితాంతం పడకుండా పోవచ్చు. గట్టిపడ్డదాన్ని సానపడితే లేచే పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు. నలుగురు పడుకునే గదిలో, కిటికీ మూసి, మంచం మీద కూర్చుని ఈ పని చేస్తామంటే నేను ససేమిరా ఒప్పుకోను. చేతులకి తొడుగులు, ముక్కుకి ముసుగు, తడిపి సానపట్టడం, ఇవి లేకుండా వద్దు. లోహం పక్షం వాళ్ళూ భుజాలు చరుచుకోనక్కర్లేదు. రేడియో షాపులో దొరికే టంకం తీగ కరిగించేద్దామన్నది వాళ్ళే కదా! ఆ టంకంలో సాధారణంగా నూటికి నలభై పాళ్ళు సీసం. ఆ చేత్తోనే మెస్సులో అన్నం కలుపుకుంటామా? సీసం లేని తగరమే కొనాలి, ఖర్చు ఎక్కువైనా సరే.

కాబట్టి నా తీర్పు ఇది. చేత్తో పట్టుకుని మాటిమాటికీ జరిపే కాల్బలం, గుర్రపురౌతులు తగరంతో పోద్దాం. ఏనుగులు, ఫిరంగులు రెసిన్‌లో కానిద్దాం. తగరపు ఏనుగంటే మన నిధి దానికే సరిపోతుంది. ఫ్రెంచి సిపాయిల బొమ్మలు విదేశాల్లో అమ్ముతారు. రంగారావు వెలమ వీరుల్ని, విజయరామరాజు బంట్లని మనమే చెక్కుకోవాలి. ఒక్కొక్క మూల బొమ్మ ప్రింటరు మీద తీసి, దానిమీదనే అచ్చు కడితే రెండు పక్షాలకీ పని దొరుకుతుంది.

1757 జనవరి 24న కోట పడిపోతున్నదని తెలిశాక లోపలి ఆడవాళ్ళనీ పిల్లల్నీ సొంతవాళ్ళే చంపుకున్నారు. దీనిమీద 1964లో ఒక సినిమా, 1986లో 'తాండ్ర పాపారాయుడు' వచ్చాయి, మనకందరికీ కథ తెలుసు. 'పల్లెజనం' అనే బొమ్మల ఫైలు ఉంది, వాళ్ళనీ ప్రింటు తీసి కోటలో నిలబెడదామన్నారు ఒకరు. ప్రింటరులో ఇదే చిక్కు, చేతికి సులువైంది మనసుకి కూడా సులువైపోతుంది. వాళ్ళ ప్రాణాలమీద పాచికలు వెయ్యడానికి నేను రాను. కోట నడిమి భాగం ఖాళీగా ఉంచుదాం.

పాపారాయుడు కూడా మొదట్లో బల్లమీద ఉండడు, రాజాంలో ఉంటాడు, అంటే పక్కనున్న కుర్చీలో. బొబ్బిలి కోట అసలు మట్టికోటే కనుక దానికి రెసినూ అక్కర్లేదు, తగరమూ అక్కర్లేదు. సంఘం నిధి నుంచి అడిగేది తగరానికీ, రబ్బరుకీ, చేతి తొడుగులకీ. మట్టి నేను తెస్తాను, వంశధార ఒడ్డున దానికి కరువు లేదు.