మన విస్తట్లో మన వడ్డన

కాలిఫోర్నియాలో మా అమ్మాయి నన్నో సభకి తీసుకెళ్ళింది. ఊళ్ళోవాళ్ళు చందాలు పోగేసి నడిపే విద్యా ఫౌండేషన్‌ వాళ్ళది. ప్రభుత్వ బడిలో కొత్తరకం పాఠాలకి టీచర్లు అర్జీ పెట్టుకుంటే గ్రాంట్లిస్తారు. బడితోటలో సైన్సు చెబుతానన్న టీచరమ్మకి చెక్కిచ్చారు. నేనూ చప్పట్లు కొట్టాను. కొట్టకేం, ఆవిడ ముఖం అంతలా వెలిగిపోతుంటే!

కానీ ఊరి కలిమిని బట్టి పిల్లల చదువు ఉండకూడదని 1971లోనే ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది. 1978లో ఓటర్లే ఇంటిపన్నుకి కళ్ళెం వేశారు. బడులకి డబ్బు కరువై ఇలాంటి ఫౌండేషన్లు పుట్టుకొచ్చాయి. కోర్టు మాట పన్నుకే గాని చందాకి కాదుగా! కూలీనాలీ వాళ్ళుండే పక్కూళ్ళో టీచరమ్మకి ఇంతకన్నా మంచి ఆలోచన వస్తే ఎవరికి చెప్పుకోవాలి?

"ఇది దానం కదమ్మా!" అంది అమ్మాయి.

మన పిల్లల విస్తట్లో మనమే నెయ్యి వడ్డించుకుంటే దానమెలా అవుతుందే?

అమ్మాయి నాకు జవాబివ్వలేదు. అల్లుడి వైపు తిరిగి, "ఆ రసీదు పారెయ్యకండి, పన్ను మినహాయింపుకి పనికొస్తుంది," అంది.