పంచనామా లేని చావులు

అనేక ప్రాసెసర్లున్న సర్వర్‌లో డిస్కులను నడిపే డ్రైవర్ కుప్పకూలినప్పుడు ఏమి చేయాలన్న ప్రశ్నకు ఈ మధ్య సర్వత్రా వినిపిస్తున్న జవాబు ఒక్కటే: యంత్రాన్ని రీస్టార్ట్ చేయాలి, మళ్లీ పడితే పారేసి మరొకటి పెట్టాలి, కారణం వెతకడం కాలహరణం. ఈ జవాబుకు తాత్త్వికమైన పరువు తెచ్చిపెట్టే మాట కూడా ఒకటి దాదాపు 2012 నుంచి క్లౌడ్ ప్రపంచంలో చెలామణి అవుతోంది. సర్వర్లను పేరుపెట్టి పెంచుకునే ముద్దు కుక్కల్లా కాక మందలోని పశువుల్లా చూడాలని, ఒకటి జబ్బుపడితే చంపేసి ఇంకొకటి తెచ్చుకోవాలని దాని సారాంశం. హైదరాబాదు ఐటీ కార్యాలయాల్లో సైతం ఈ మాటను వేదవాక్యంలా వల్లించేవారికి కొదవ లేదు.

ఈ ఉపమానాన్ని కల్పించినవారికి కంప్యూటర్ల సంగతి ఎంత తెలుసో గాని పశువుల సంగతి మాత్రం బొత్తిగా తెలియదని చెప్పక తప్పదు. ఒంగోలు గిత్తలను మేపే ఏ రైతూ, గిత్త చొంగ కారుస్తూ కూలబడగానే దాన్ని పాతిపెట్టి సంతకు బయలుదేరడు; నోరు తెరిచి నాలుక చూస్తాడు, గిట్టల సందున పుండ్లు పడ్డాయేమో వెతుకుతాడు, ఎందుకంటే అది గాలికుంటు అయినట్లయితే జబ్బు పడింది ఆ ఒక్క గిత్తే అయినా ముప్పు కొట్టమంతటికీ. చెవిపోగు వేయించి బీమా కట్టిన గేదె చనిపోతే పశువైద్యుడి పోస్టుమార్టం నివేదిక లేనిదే పరిహారం చేతికి రాదు. గేదెకు దక్కే ఆపాటి మర్యాద లక్షల రూపాయల సర్వర్‌కు దక్కకపోవడమే ఆధునికత అట! పైగా ఈ మందలోని సర్వర్లన్నింటిలోనూ ఒకే కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం), ఒకే డ్రైవర్, ఒకే ఫర్మ్‌వేర్ ఉంటాయి గనుక, చచ్చినదాని స్థానంలో వచ్చి నిలబడేది అదే రోగాన్ని కడుపులో మోస్తున్న దాని కవల మాత్రమే. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ పంపిన దోషపూరితమైన ఫైలును చదవబోయి దాని డ్రైవర్ కూలినప్పుడు సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు పడిపోయాయి; వాటిలో అనేకం రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ అక్కడే మళ్లీ పడగా, చివరికి మనుషులు ఒక్కొక్క యంత్రం దగ్గర కూర్చొని ఆ ఫైలును తీసివేయవలసి వచ్చింది. అది డిస్కు డ్రైవర్ కాదన్నది నిజమే, ప్రాసెసర్ల సంఖ్యతో దానికి సంబంధం లేదన్నదీ నిజమే. కాని మంద మొత్తం ఒకేరోజు పడిపోయినప్పుడు బదులు పశువును ఏ సంతలో కొనాలో ఆ సిద్ధాంతకర్తలు ఇప్పటికీ చెప్పలేదు.

ఇంతకంటె ప్రమాదకరమైనది ఒంటి ప్రాసెసర్ చిట్కా. లినక్స్‌ను ‘నోఎస్ఎంపీ’ లేదా ‘మ్యాక్స్‌సీపీయూస్’ అనే ఐచ్ఛికంతో, పాత విండోస్‌ను బూట్ ఫైలులో ప్రాసెసర్ల సంఖ్య తగ్గించి నడిపి, క్రాష్‌లు ఆగిపోగానే సమస్య తీరిందని టికెట్టు మూసివేయడం ఈ సంప్రదాయంలోని ఆచారం. నిజానికి ఆ ప్రయోగం తీర్చినది ఏదీ లేదు, ఒక ఆచూకీ మాత్రం చేతికిచ్చింది. డ్రైవర్ అంటే కెర్నెల్‌కూ పరికరానికీ నడుమ మాటలు మోసే ప్రోగ్రాము; రెండు ప్రాసెసర్లు ఏకకాలంలో దానిలో ప్రవేశించినప్పుడు ఉమ్మడి సమాచారాన్ని కాపాడేది స్పిన్‌లాక్, అనగా ఒక ప్రాసెసర్ లోపల ఉన్నంతసేపు మిగిలినవి గుమ్మం ముందు గిరగిరా తిరుగుతూ కాచుకొని ఉండే ఏర్పాటు. ఒక్క ప్రాసెసర్ కోసమే కంపైల్ చేసిన లినక్స్ కెర్నెల్‌లో, పరీక్షా ఏర్పాట్లేవీ జోడించనప్పుడు, ఈ తాళం మాయమవుతుంది. గుమ్మంలోకి వచ్చేవాడు ఒక్కడే అయినప్పుడు తాళం సరిగా ఉందో లేదో తేలేది ఎలాగ?

తాళం సరిగా లేనప్పుడు రెండు ప్రాసెసర్లు ఒకే సమాచారం కోసం పోటీపడే ఈ జాతి దోషం, అనగా పోటీ దోషం, ఎలా పని చేస్తుందో చూస్తే చిట్కా వైద్యం ఎంత డొల్లో అర్థమవుతుంది. లినక్స్‌లో స్కజీ డిస్కుకు పంపిన అభ్యర్థనకు సాధారణంగా 30 సెకన్ల గడువు ఉంటుంది. ఆ గడువు తీరిన క్షణాన ఒక ప్రాసెసర్ మీద టైమరు మేల్కొని, అభ్యర్థన చచ్చిందని నిర్ణయించి దాన్ని విడుదల చేయబోతుంది; సరిగ్గా అప్పుడే కంట్రోలర్ నుంచి, పని పూర్తయిందని చెప్పే ఇంటరప్ట్ అనే పిలుపు మరొక ప్రాసెసర్‌కు అందుతుంది. తాళం ఒక్క వాక్యం ఆలస్యంగా వేసినా ఇద్దరూ ఒకే మెమరీ ముక్కను విడుదల చేస్తారు, కెర్నెల్ ఆ ముక్కను నెట్‌వర్క్ విభాగానికో మరొకరికో ఇచ్చివేస్తుంది, కొన్ని నిమిషాల తరువాత ఆ పాపం ఎరుగని విభాగం కూలిపోతుంది. శవం దొరికిన ఇంటివాడినే హంతకుడనడం ఎంత న్యాయమో, తెర మీద కనిపించిన ఫైలు పేరు చూసి నెట్‌వర్క్ కార్డు మార్చడం అంతే న్యాయం.

ఈ తాళాల వెనుక ఉన్న శ్రమను చిట్కా వైద్యులు ఎరుగరు. 1996లో 2.0 వెర్షన్‌తో లినక్స్‌కు బహుళ ప్రాసెసర్ల సామర్థ్యం వచ్చినప్పుడు కెర్నెల్ మొత్తానికీ ఒకే పెద్ద తాళం ఉండేది. డ్రైవర్లు అన్ని ప్రాసెసర్లలోనూ ఇంటరప్టులను ఒకేసారి ఆపివేసి తమను కాపాడుకునేవి. ఆ సదుపాయాన్ని 2002లో, 2.5 అభివృద్ధి దశలో, తొలగించినప్పుడు ఎన్నో డ్రైవర్లను తిరిగి రాయవలసి వచ్చింది. పెద్ద తాళం పూర్తిగా పోయేసరికి 2011 అయింది. పదిహేనేళ్ల ఈ కృషిని ఒక్క బూట్ ఐచ్ఛికంతో కట్టిపెట్టి, పదహారు ప్రాసెసర్లకు డబ్బు పోసి పదిహేనింటిని నిద్రపుచ్చడాన్ని పరిష్కారమంటున్నారు. నేటి ఎన్‌వీఎంఈ డిస్కుల విషయంలో ఇది మరీ వింత. పాత ఏహెచ్‌సీఐ పద్ధతిలో 32 ఆదేశాలు పట్టే వరుస ఒక్కటే ఉండేది. ఎన్‌వీఎంఈ ప్రమాణం 65,535 వరుసల దాకా అనుమతిస్తుంది, డ్రైవర్ వీలైనంతవరకు ఒక్కొక్క ప్రాసెసర్‌కు ఒక్కొక్క వరుస కేటాయిస్తుంది. ప్రాసెసర్ ఒక్కటే అయితే ఆ దారులలో ఎక్కువ భాగం తెరుచుకోనే తెరుచుకోవు.

రీస్టార్ట్‌వాదులు పెద్దల పేర్లు చెప్పుకోవడం కూడా నేర్చారు. టాండెం సంస్థలో పనిచేసిన జిమ్ గ్రే 1985లో, కంప్యూటర్లు ఎందుకు ఆగిపోతాయన్న తన పత్రంలో, పరిశీలించిన 132 సాఫ్ట్‌వేర్ దోషాలలో ఒక్కటి తప్ప మిగిలినవన్నీ మళ్లీ ప్రయత్నిస్తే కనిపించకుండాపోయే తాత్కాలిక దోషాలని రాసినది వాస్తవం. అయితే గ్రే నమ్ముకున్నది జంట ప్రాసెస్‌లనూ ట్రాన్సాక్షన్లనూ; అంటే ఒకటి పడితే రెండవది అందుకొని, సగంలో ఆగిన పనిని వెనక్కి తిప్పేలా ముందే కట్టిన వ్యవస్థను. పవర్ బటన్ మీద వేలు పెట్టి గ్రే పేరు స్మరించడం ఆయనకు అపచారం. డిస్కు డ్రైవర్ దగ్గరికి వచ్చేసరికి ఇది మరింత బరువైన విషయం, ఎందుకంటే చెడిన మెమరీతో యంత్రం కూలిపోకుండా ఇంకో గంట నడిచి ఉంటే ఆ చెడు డిస్కు మీదికి చేరి, బ్యాకప్‌లోకీ పాకి ఉండేది. ఆ లెక్కన క్రాష్ కావడమే ఖాతాదారుడి అదృష్టం.

ఇన్నేళ్లు నడిచింది గనుక డ్రైవర్‌లో దోషం ఉండదనే వాదానికి ఒక్క ఉదాహరణ చాలు. 2003 ఆగస్టు 14న అమెరికా, కెనడాలలో సుమారు 5 కోట్ల మందిని చీకటిలో ముంచిన విద్యుత్ వైఫల్యంలో ఒక కంట్రోల్ గది అలారాన్ని మూగదాన్ని చేసింది ఇలాంటి పోటీ దోషమే. ఆ సాఫ్ట్‌వేర్ అంతకుముందు 30 లక్షల గంటలకు పైగా నడిచింది. కారణం వెతకడం కంటె రీస్టార్టే చవక అనే ఖర్చు వాదం సంగతి చెప్పనక్కరలేదు, అర్ధరాత్రి నాలుగుసార్లు లేచే ఉద్యోగి నిద్రను ఏ ఖాతాలోనూ రాయరు గనుక అది లాభసాటిగానే కనిపిస్తుంది.

చేయవలసినది ఏమిటంటే, ముందు డంప్‌ను, అంటే కూలిన క్షణాన మెమరీలో ఉన్నదాని నకలును దాచాలి. పరీక్షా సర్వర్‌లో, ప్రాసెసర్లన్నీ పనిలో ఉండగా, విండోస్‌లో డ్రైవర్ వెరిఫయర్, లినక్స్‌లో 2006 నుంచి ఉన్న లాక్‌డెప్ అనే పరీక్షా సాధనాలను ఉపయోగించి డ్రైవర్‌ను ఉక్కిరిబిక్కిరి చేయాలి. తాళాల వరుస తప్పితే, ఒకరి తాళం కోసం ఒకరు కాచుకొని అందరూ నిలిచిపోయే ప్రతిష్టంభన ఇంకా ఏర్పడకముందే లాక్‌డెప్ హెచ్చరిస్తుంది. ఆపైన ఓపిక కావాలి. డిస్కు డ్రైవరే పడిపోయినప్పుడు డంప్‌ను డిస్కు మీద రాసేది ఎవరన్న చిక్కుకు సమాధానం కూడా ఉంది. విండోస్ ఇందుకోసం బూట్ డిస్కు డ్రైవర్ ప్రతిని ఒకదాన్ని విడిగా సిద్ధంగా ఉంచుకుంటుంది. లినక్స్‌లోని కెడంప్, ముందే పక్కన పెట్టిన మెమరీలో రెండవ కెర్నెల్‌ను లేపి, చనిపోయినదాని మెమరీని డిస్కుకో నెట్‌వర్క్ మీదుగా మరొక యంత్రానికో చేరవేస్తుంది. ఈ రెండవ కెర్నెల్‌ను సాధారణంగా ఒకే ఒక ప్రాసెసర్‌తో నడుపుతారు, పంచనామా రాయడానికి ఒక్కడు చాలు గనుక.