జడ్జి మాట ఎంతమందికి చెల్లుతుంది?

మొన్న జూలై మొదటి వారంలో డాలస్ దగ్గర మా బంధువుల అమ్మాయి సీమంతానికి వెళ్లాను. చేతినిండా గాజులతో పక్కన కూర్చుని అడిగింది: "బాబాయ్, డెలివరీ న్యూజెర్సీలో అక్క దగ్గర పెట్టుకుంటే మంచిదంటారా?" భార్యాభర్తలిద్దరూ హెచ్-1బి. గ్రీన్‌కార్డ్ లైన్‌లో ఏళ్లుగా ఉన్నారు.

ఆ ప్రశ్నకు కారణం 2025 జూన్ 27 నాటి సుప్రీంకోర్టు తీర్పు. తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి సిటిజన్‌షిప్పో గ్రీన్‌కార్డో లేకపోతే ఇక్కడ పుట్టే బిడ్డకు పౌరసత్వం లేదని ట్రంప్ జనవరి 20న ఉత్తర్వు ఇచ్చారు. సియాటెల్ ఫెడరల్ జడ్జి మూడు రోజుల్లోనే దాన్ని దేశమంతటా ఆపేశారు. సుప్రీంకోర్టు మాత్రం 6-3తో, కేసు వేసినవాళ్లకు పూర్తి ఊరట ఇవ్వడానికి ఎంత కావాలో అంతవరకే ఆపాలంది. అంతకుమించిన అధికారం 1789 నాటి జ్యుడీషియరీ చట్టం కింది కోర్టులకు ఇవ్వలేదని జస్టిస్ ఎమీ కోనీ బారెట్ రాశారు.

ఉత్తర్వు రాజ్యాంగానికి లోబడి ఉందా లేదా అన్నది మాత్రం ఆ తీర్పు తేల్చలేదు. కేసు వేసిన 22 రాష్ట్రాల్లో న్యూజెర్సీ ఉంది, టెక్సాస్ లేదు. మా అమ్మాయి భయం అదే.

నిజం చెప్పాలంటే, ఒక్క జడ్జి దేశం మొత్తాన్ని ఆపేయడం నాకూ నచ్చదు. 2015లో ఒబామా ఇమిగ్రేషన్ పథకాన్ని టెక్సాస్‌లో ఒక జడ్జి అలాగే ఆపారు. అప్పుడు తప్పన్నవాళ్లే ఇప్పుడు ఒప్పంటున్నారు, అటువాళ్లు ఇటు. కానీ పౌరసత్వం విషయంలో ఈ హద్దు మరో చిక్కు తెస్తుంది. కింది కోర్టుల్లో ఓడిపోయిన ప్రభుత్వం అప్పీలుకే వెళ్లకపోతే? కేసు వేసినవాళ్ల పిల్లలకు పౌరసత్వం వస్తుంది, మిగతావాళ్లకు రాదు, అసలు ప్రశ్న సుప్రీంకోర్టు గడప తొక్కదు. మే నెల వాదనల్లో జస్టిస్ ఎలెనా కేగన్ నిలదీసింది దీని గురించే. రాజ్యాంగానికి అర్థం చెప్పేది కోర్టులే అని 1803 నుంచీ చదువుకుంటున్నాం. ఆ అర్థం ఎవరెవరికి వర్తించాలో ఓడిన పక్షమే నిర్ణయించుకోగలిగితే ఇక ఆ మాటకు విలువేముంది?

అదృష్టవశాత్తూ బారెట్ తీర్పు క్లాస్ యాక్షన్ దారిని మూయలేదు. జూలై 10న న్యూహాంప్‌షైర్ జడ్జి అలాంటి పిల్లలందరినీ ఒకే వర్గంగా గుర్తించి ఉత్తర్వును మళ్లీ ఆపారు. ఆ కేసునే డిసెంబర్ 5న సుప్రీంకోర్టు విచారణకు తీసుకుంది. ఈసారి అసలు ప్రశ్నే ముందుంది: 14వ సవరణ ఏమంటోంది? 1898లో వాంగ్ కిమ్ ఆర్క్ గెలిచాడు, కానీ అతని తల్లిదండ్రులు ఇక్కడ స్థిరనివాసులని ఆ తీర్పులో ఉంది. ప్రభుత్వం పట్టుకున్న పాయింట్ అదే. పదిహేనేళ్లుగా ఇక్కడే ఇల్లు కొనుక్కుని పన్ను కడుతున్న హెచ్-1బి కుటుంబం స్థిరమా, తాత్కాలికమా?

పాప సెప్టెంబర్‌లో డాలస్‌లోనే పుట్టింది. పాస్‌పోర్ట్ కూడా వచ్చింది. దానితోపాటు మీ ఇద్దరి ఐ-797 కాగితాలూ ఒకే ఫైల్లో పెట్టుకోమ్మా అని చెప్పాను.