పాదలేపము కరగినచోట

గడచిన యేడు మా మరదలి పురుటికని అమెరికాలోని డెన్వరు నగరమున మూడు మాసము లుంటిని. జులైలో నొకనాడు తమ్ముడు బాలింతరాలిని ఆమె పెదతల్లి కప్పగించి, నన్నును, ఆఱేండ్ల మేనకోడలిని రాకీ మౌంటెను జాతీయవనమునకు కారులో గొనిపోయెను. ఆ వనము 1915లో నేర్పడినది.

ఎస్టెసుపార్కు నుండి గ్రాండులేకు వఱకు 48 మైళ్ల కొండదారి కలదు. ట్రెయిలు రిడ్జి రోడ్డని పేరు. దాని మిక్కిలి యెత్తైనచోటు 12,183 అడుగులు. శీతకాలమంతయు నది మంచుచే మూతపడి యుండును. ఎక్కినకొలది చెట్లు గాలికి వంగి మరుగుజ్జులై, 11,500 అడుగుల ప్రాంతమున పూర్తిగా నిలిచిపోవును. అటుపై పదునొకండు మైళ్లు ఆకసము, ఱాయి, గడ్డి.

గడ్డి యంటినిగాని, వంగి చూచిన నది తోట! దిండ్లవలె నేల కంటుకొనిన మొక్కలు; వానిపై గులాబివన్నె పూలు; నడుమ చిటికెనవ్రేలి గోరంతయైన లేని నీలిపూవులు. కొలది వారముల వేసవిలోనే వీని బ్రతుకంతయు. త్రొక్కినచోటు కోలుకొనుటకు దశాబ్దములు పట్టును. పూజ కొక్కపూవని నేను వంగగా, మేనకోడలు నా చేయి పట్టుకొని "అత్తా, ఇక్కడి పూలు కోయకూడదు" అనినది. సిగ్గుపడితిని.

ఈ కొండ నరాపహో జాతివారు పిల్లలతో దాటెడివారు. నిట్రమైన యొక త్రోవకు "పిల్లలు నడచిన బాట" యని పేరిడిరి. అచ్చట మోయుట సాధ్యముగాక బిడ్డలను దింపి నడిపించెడివారట. 1873లో ఇసబెల్లా బర్డను నాంగ్లవనిత ఈ సీమలోనే 14,259 అడుగుల లాంగ్సు శిఖర మెక్కినది. మార్గదర్శి తన్ను బలిమిని పైకి లాగినాడని దాచక వ్రాసికొనినది. నా కామె యందు గౌరవము కలుగుట కదియే కారణము.

ప్రవరుని పాదలేపము వంటిదే కారు. ఒక్కపూటలో మేఘములలో దింపును. ఊపిరి మాత్రము క్రిందనే యుండిపోవును. నాలుగడుగులకు తల దిమ్మెక్కినది. వేసవిలో నచ్చట మధ్యాహ్నము పిడుగులు తఱచు. ప్రొద్దెక్కకమునుపే దిగవలెనని తమ్ముడు చెప్పుచునే యుండెను. "ఆ ఱాతిగుట్ట వఱకు" అని నేనే పట్టుబట్టితిని. గుట్ట చేరితిమో లేదో ఉఱిమినది. చెట్టు లేనిచోట అందఱికంటె నెత్తైనవారము మేమే. సెనగలంత వడగండ్లు. పరుగెత్తబోయిన కాళ్లు రాలేదు. బిడ్డ నెత్తుకొని పొమ్మంటిని. తమ్ముడు దానిని కారులో కూర్చుండబెట్టి, ఆ మెఱుపులలోనే మరల నాకొఱకు వచ్చెను.

దిగునప్పు డతడు నన్నొక్కమాటయు ననలేదు. అనినచో బాగుండెడిది. నా పంతమునకు వెలగా నేమి యొడ్డితినో దారిపొడవున లెక్కించుకొంటిని.

మీ వారెవరైన నచ్చటికి పోయినచో ఉన్నిదుస్తులును, నీరును కొనిపొండు. తొలినాడు మెల్లగా నడువుడు. మబ్బు గూడిన వెంటనే మరలుడు.

ఇంటికి రాగానే మరదలు "కొండ యెట్లున్నది వదినగారూ?" అని యడిగినది. మేనకోడలు "అత్త పూవు కోయలేదు" అని చెప్పినది. పిడుగుల మాట మువ్వురమును చెప్పలేదు. ఈ పత్రిక ఆమెకు నెలనెల పంపుచున్నాను గనుక ఇప్పుడు తెలియును.