ఎన్ని కిలోమీటర్లో అడగండి, ఏ దారినో అడగొద్దు

పెట్రోలు మీద పన్ను వేసి ఆ డబ్బుతో రోడ్లు వేసే కాలం ముగిసిపోతోందని చాలా దేశాల ఆర్థికవేత్తలు అంటున్నారు. కరెంటు బండికి పెట్రోలు అక్కర్లేదు. పెట్రోలు కొననివాడి నుంచి పెట్రోలు పన్ను రాదు. అందుకని బండి తిరిగిన కిలోమీటర్లను బట్టి రోడ్డు రుసుము వసూలు చేయాలన్నది వాళ్ల ప్రతిపాదన. మన దేశంలో ఇది ఇంధన పన్నుకు బదులుగా ఇంకా రాలేదు. టోల్ రూపంలో తలుపు తడుతోంది. 2024 సెప్టెంబరులో కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2008 నాటి జాతీయ రహదారుల రుసుము నిబంధనలను సవరించింది. బండిలో అమర్చిన పరికరం ఉపగ్రహాల సాయంతో అది ఎక్కడెక్కడ తిరిగిందో చెబుతుంటే, దాన్ని బట్టి టోల్ కోసుకునే పద్ధతికి చోటిచ్చింది. బెంగళూరు–మైసూరు, పానిపట్–హిసార్ మార్గాల మీద ప్రయోగాలు చేసింది. 2025 మే 1 నుంచి దేశమంతా ఇదే పద్ధతి అని వార్తలు రాగానే, అలాంటి నిర్ణయమేదీ తీసుకోలేదని ఏప్రిల్‌లో వివరణ ఇచ్చుకుంది. ఆ పథకం ఆగినట్టు కనిపించినా, దాని వెనకున్న ఆలోచన ఆగలేదు.

ఇంగ్లీషు పత్రికల్లో దీని మీద చర్చ రెండు పక్షాల మధ్యే నడుస్తోంది. టోల్ గేట్ల దగ్గర క్యూలు పోతాయి, డబ్బు లీకేజీ ఆగుతుంది అంటారు ఒకరు. మా కారు ఎటు పోతోందో సర్కారుకు తెలియడమేంటి అంటారు ఇంకొకరు. ప్రభుత్వ ఆర్థిక వ్యవహారాల మీద పరిశోధన చేస్తున్న విద్యార్థిగా ఈ రెండు వాదనలూ చదివాను. రెండింటిలోనూ మనం లేము. పన్ను ఎవరి మీద ఎంత పడుతోందో మొదటివాళ్లు అడగరు. దారి తెలిసిపోతే ఎవరి ప్రాణం మీదికి వస్తుందో రెండోవాళ్లు అడగరు. ఈ రెండు ప్రశ్నలూ అడగాల్సింది మనమే.

ముందు పన్ను సంగతి. పెట్రోలు పన్ను చాలా న్యాయమైనదనీ, దాన్ని తీసేస్తే అన్యాయం జరుగుతుందనీ ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పెట్రోలియం శాఖ కిందున్న పీపీఏసీ కోసం నీల్సన్ సంస్థ చేసిన అధ్యయనం 2014లో వెలువడింది. దేశంలో అమ్ముడయ్యే పెట్రోలులో 61 శాతానికి పైగా ద్విచక్ర వాహనాలే తాగుతున్నాయని అది తేల్చింది. అంటే ఈ పన్నులో పెద్ద వాటా కడుతున్నది కార్లవాళ్లు కాదు. మేస్త్రీ, కూరగాయల బండి వ్యాపారి, ఫుడ్ డెలివరీ కుర్రాడు, పాత బైక్ మీద కాలేజీకి వెళ్లే మన విద్యార్థి. కోటి రూపాయల ఆదాయం ఉన్నవాడూ, నెలకు 12 వేలు తెచ్చుకునేవాడూ లీటరుకు కట్టేది ఒకటే పన్ను.

ఆ పన్ను ఎటు పోతోందో కూడా చూడాలి. 2020 మే నెలలో ప్రపంచ మార్కెట్‌లో ముడిచమురు ధర పడిపోయి ఉంది. ఆ లాభం జనానికి అందకుండా కేంద్రం ఒక్క రాత్రిలో పెట్రోలు మీద 10 రూపాయలు, డీజిల్ మీద 13 రూపాయలు పెంచింది. అందులో 8 రూపాయలు రోడ్డు సెస్సు. రాజ్యాంగం ప్రకారం సెస్సుల్లో, సర్‌చార్జీల్లో రాష్ట్రాలకు వాటా ఉండదు. 2021 ఫిబ్రవరి బడ్జెట్ తర్వాత లీటరు పెట్రోలు మీద కేంద్రం వేసిన సుంకం 32 రూపాయల 90 పైసలు. అందులో రాష్ట్రాలతో పంచుకోవాల్సిన మూల సుంకం 1 రూపాయి 40 పైసలు. తర్వాత పన్ను తగ్గింది, మళ్లీ కొంత పెరిగింది. పంచుకోని సొమ్మే ఎక్కువగా ఉండే ఆ నిర్మాణం మాత్రం మారలేదు. రాష్ట్రాలేమీ అమాయకులు కావు. తెలంగాణ పెట్రోలు మీద 35.20 శాతం వ్యాట్ వేస్తుంది. ఆంధ్రప్రదేశ్ 31 శాతం వ్యాట్‌కు తోడు లీటరుకు 4 రూపాయలు, ఆపైన రోడ్డు సెస్సు 1 రూపాయి తీసుకుంటుంది.

బాబాసాహెబ్ 1925లో అచ్చయిన తన గ్రంథంలో బ్రిటిష్ ఇండియాలో కేంద్రానికీ ప్రావిన్సులకూ మధ్య ఆర్థిక సంబంధాలు ఎలా ఏర్పడ్డాయో విప్పి చూపించారు. 1927లో బొంబాయి శాసనమండలిలో బడ్జెట్ మీద మాట్లాడుతూ, చిన్న కమతం ఉన్న రైతు నుంచి కూడా స్తోమత చూడకుండా భూమిశిస్తు వసూలు చేయడాన్ని తప్పుపట్టారు. ఆదాయపు పన్నుకు ఒక కనీస పరిమితి ఉన్నప్పుడు పేద రైతుకు అది ఎందుకు లేదన్నది ఆయన ప్రశ్న. పెట్రోలు పన్ను ఇవాళ్టి భూమిశిస్తు. యూనివర్సిటీల్లో అంబేద్కర్‌ను ఆర్థికశాస్త్రం సిలబస్‌లో ఒక పేరుగా పెట్టి, ఆయన పద్ధతిలో ఇవాళ్టి పన్నును పరిశీలించని శాఖలను చూస్తే నాకు విచారంగా ఉంటుంది.

కాబట్టి కిలోమీటరు రుసుముకు నేను వ్యతిరేకిని కాను. సరిగ్గా పెడితే అది పెట్రోలు పన్ను కన్నా న్యాయంగా ఉంటుంది. రోడ్డుకు జరిగే నష్టం బండి ఇరుసు మీద పడే బరువుకు దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుందని ఇంజనీర్లు దశాబ్దాలుగా చెబుతున్నారు. అంటే ఇరుసు బరువు రెట్టింపైతే నష్టం 16 రెట్లు. ఈ లెక్కన బైక్ రోడ్డుకు చేసే నష్టం సున్నాకు దగ్గర. కిలోమీటర్లను బరువుతో హెచ్చవేసి రుసుము పెడితే, ఇవాళ పెట్రోలు పన్నులో సింహభాగం మోస్తున్న ద్విచక్ర వాహనదారుడు దాదాపు ఏమీ కట్టనక్కర్లేదు. లక్షలు పోసి కరెంటు ఎస్‌యూవీ కొన్నవాడు తన వంతు కట్టాలి. తెలంగాణలో 2024 నవంబరు నుంచి కరెంటు వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము పూర్తిగా మాఫీ. పర్యావరణం పేరుతో ఇచ్చిన ఆ మాఫీలో ఖరీదైన కార్లు కూడా ఉన్నాయి. పాత పెట్రోలు బైక్ నడిపే కూలీ మాత్రం లీటరు లీటరుకూ కడుతూనే ఉన్నాడు.

మరి అభ్యంతరం ఎక్కడ? కిలోమీటర్ల సంఖ్య తెలుసుకోవడానికి దారి తెలుసుకోవాల్సిన పని లేదు. ప్రతి బండిలోనూ కిలోమీటర్ మీటరు ఉంటుంది. న్యూజిలాండ్ 1978 నుంచి డీజిల్ వాహనాల దగ్గర దూరాన్ని బట్టి రుసుము తీసుకుంటోంది. ముందుగా 1,000 కిలోమీటర్ల లెక్కన లైసెన్సు కొనుక్కోవాలి, మీటరు చూసి సరిపోల్చుతారు. బరువైన వాటికి రేటు ఎక్కువ. 2024 ఏప్రిల్ నుంచి కరెంటు కార్లూ అందులోకి వచ్చాయి. ఐస్‌లాండ్ 2024లో కరెంటు కార్లకు మొదలుపెట్టిన కిలోమీటరు రుసుముకు యజమాని మీటరు రీడింగ్ పంపితే చాలు. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం 2015లో మొదలుపెట్టిన కార్యక్రమంలో జీపీఎస్ లేని పరికరాన్ని ఎంచుకునే వీలుంది. జీపీఎస్ ఎంచుకున్నా బిల్లు తేలిన 30 రోజుల్లో ఆ వివరాలు చెరిపేయాలని అక్కడి చట్టం చెబుతుంది. జర్మనీలో లారీల టోల్ ఉపగ్రహాల మీదే నడుస్తుంది. ఆ సమాచారాన్ని టోల్‌కు తప్ప ఇంక దేనికీ, నేర విచారణకు సైతం, వాడకూడదని చట్టంలో రాసుకున్నారు. దారి అడగకుండా రుసుము తీసుకోవచ్చు, అడిగినా దానికి కంచె కట్టవచ్చు అని ఈ దేశాలు చేసి చూపించాయి. మన నిబంధనలు మొదలుపెట్టిందే దారి అడగడంతో. కంచె ఊసే లేదు.

మన సమాజంలో "ఏ దారిన పోతున్నావు" అన్నది మామూలు ప్రశ్న కాదు. 1924లో వైకంలో జనం సత్యాగ్రహం చేసింది గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడిచే హక్కు కోసం. 2018లో ఉత్తరప్రదేశ్ కాస్‌గంజ్ జిల్లా నిజాంపూర్‌లో ఒక దళిత వరుడు తన పెళ్లి ఊరేగింపును ఠాకూర్ల వీధి గుండా తీసుకెళ్లడానికి నెలల తరబడి అధికారుల చుట్టూ, హైకోర్టు చుట్టూ తిరగాల్సి వచ్చింది. చివరికి పోలీసు కాపలా మధ్య ఆ పెళ్లి జరిగింది. 2016లో ఉనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళితులను కొట్టారు. 2017లో రాజస్థాన్‌లో ఆవులు కొనుక్కుని ట్రక్కులో వస్తున్న పెహ్లూ ఖాన్‌ను హైవే మీద ఆపి చంపారు. ఏ బండి ఏ రోడ్డులో ఎప్పుడు వస్తుందో ముందే తెలిస్తే గోరక్షక మూకలకు కాపు కాసే పని కూడా తప్పుతుంది. కులాంతర, మతాంతర పెళ్లి చేసుకుని ఊరు విడిచి పారిపోయిన జంటలకు తమ ఆచూకీ ఎవరికీ తెలియకపోవడమే రక్షణ. వాళ్ల బండి జాడ తెలిసిన ఒక్క క్లర్కు, ఒక్క కాంట్రాక్టు కంపెనీ ఉద్యోగి ఆ అమ్మాయి బంధువైతే చాలు.

ప్రభుత్వం ఆ జాడను భద్రంగా ఉంచుతుందని నమ్మమంటారు. చరిత్ర చూద్దాం. 2019లో ఇదే రోడ్డు రవాణా శాఖ వాహన రిజిస్ట్రేషన్ల, డ్రైవింగ్ లైసెన్సుల సమాచారాన్ని గంపగుత్తగా అమ్మడానికి ఒక విధానమే తెచ్చింది. ప్రైవేటు కంపెనీలకు ఇచ్చి 65 కోట్ల రూపాయలు సంపాదించామని ఆ ఏడాది పార్లమెంటులో చెప్పుకుంది. గోప్యతకు ముప్పని 2020లో ఆ విధానాన్ని రద్దు చేసింది. అప్పటికే ఇచ్చేసిన సమాచారాన్ని వెనక్కి తెచ్చేదెవరు? 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్‌ను తప్పనిసరి చేసింది టోల్ కోసమని. అదే ఏడాది దాన్ని జీఎస్‌టీ ఈ-వే బిల్లులతో కలిపేశారు. ఒక పనికి తీసుకున్న సమాచారం ఇంకో పనికి జారిపోవడం ఇక్కడ అలవాటు.

చట్టం కాపాడుతుందా? 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. హక్కులో జోక్యం అవసరానికి మించకూడదన్నది. మీటరు రీడింగ్‌తో సరిపోయే పనికి ఉపగ్రహ నిఘా పెడితే ఆ పరీక్షలో నెగ్గడం కష్టం. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టమేమో, కేంద్రం నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థలను దేశ భద్రత, శాంతిభద్రతల పేరుతో చట్టం నుంచే మినహాయించగలదు. అదే చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని కూడా మార్చి, అధికారుల వివరాలు అడిగే దారిని ఇరుకు చేసింది. మన వివరాలు వాళ్లకు తెలియాలి, వాళ్లవి మనకు తెలియకూడదు.

గోప్యత గురించి గొంతెత్తే పట్టణ పెద్దలకూ ఒక మాట. మా అన్న హైదరాబాద్‌లో క్యాబ్ నడుపుతాడు. 2019 జనవరి తర్వాత రిజిస్టరైన ట్యాక్సీలకు, బస్సులకు లొకేషన్ పరికరం తప్పనిసరి. ప్రయాణికుల భద్రత కోసమన్నారు, ఆ అవసరాన్ని నేను కాదనను. కానీ డ్రైవర్ గోప్యత మాటేమిటని అప్పుడు ఎవరూ అడగలేదు. అటు యాప్, ఇటు సర్కారు పరికరం, ఆయన టీ తాగడానికి ఆగినా రెండింటికీ తెలుస్తుంది. సొంత కారు వరకు వచ్చాకే గోప్యత రాజ్యాంగ సమస్య అయింది. శ్రమ చేసే శరీరానికి గోప్యత అక్కర్లేదనే నమ్మకం కులం నేర్పినదే.

మీటరును వెనక్కి తిప్పుతారు కదా అంటారు. తిప్పుతారు. కాలుష్య సర్టిఫికెట్, ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్ పరీక్ష సమయంలో ప్రతిసారీ రీడింగ్ నమోదు చేస్తే దొంగలెక్క దొరుకుతుంది. కొందరు మోసం చేస్తారని అందరి వెంటా గూఢచారిని పెట్టడం న్యాయం కాదు. ఫోన్ ఎలాగూ అన్నీ చెబుతోంది కదా అంటారు. ఫోన్‌ను ఇంట్లో వదిలి వెళ్లవచ్చు. చట్టం బిగించిన పరికరాన్ని ఇంట్లో వదిలి బండి నడపలేం.

మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. కిలోమీటరు రుసుము వస్తే పెట్రోలు మీది రోడ్డు సెస్సు పోవాలి, ఒకదాని మీద ఒకటి వేయకూడదు. బరువును బట్టి రేటు ఉండాలి, ద్విచక్ర వాహనాలకు, ఆటోలకు మినహాయింపు ఉండాలి. వచ్చిన సొమ్ములో రాష్ట్రాలకు, పంచాయతీ రోడ్లకు, దళితవాడల రోడ్లకు వాటా చట్టంలోనే రాయాలి. లెక్క మీటరు రీడింగ్‌తోనే జరగాలి. ఇప్పటికే పోగైన ఫాస్టాగ్ వివరాలు ఎన్నాళ్లుంచుతారో, ఎవరికిస్తారో పార్లమెంటు చట్టం చేయాలి. క్యాబ్ డ్రైవర్ల లొకేషన్ వివరాలకూ అదే చట్టం వర్తించాలి.

రోడ్డు వాడుకున్నందుకు పన్ను కట్టమంటే కడదాం. మన తాతలు ఆ రోడ్ల మీద కాలు పెట్టడానికే పోరాడాల్సి వచ్చింది. వాళ్లు గెలిచి ఇచ్చిన నడకకు, ఇవాళ ఎవరికీ దారి చెప్పి అనుమతి అడగాల్సిన పని లేదు. ఈ విషయం మీద క్యాంపస్‌లలో చర్చ పెట్టండి. నిబంధనల ముసాయిదా మళ్లీ వచ్చినప్పుడు అభ్యంతరాలు పంపేవాళ్లలో మన పేర్లు ఉండాలి.

జై భీమ్.