ప్రయోగ జంతువులకు అమర్పు గదులు

తొలకరికి ముందు గొంతువాపు, జబ్బవాపు టీకాలు వేయించుడని పశువైద్యులు ఏటేటా చెప్పుచునే యున్నారు. ఆ సీసా నర్సీపట్నం చేరుటకు ముందే దాని శక్తి తేలవలెను గదా! గొంతువాపు టీకాను చిట్టెలుకలపైనను, జబ్బవాపు టీకాను గినీపందులపైనను పరీక్షించుట వాడుక. ఆ మూగజీవులుండు ఇల్లు సరిగా లేనిచో ఫలితమును నమ్మరాదు. నమ్మరాని టీకా వలన నష్టపోవునది రైతే.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ దశాబ్దములుగా ఇట్టి జంతువులను పెంచి పరిశోధనశాలలకు అందించినది. జీనోమ్ వ్యాలీలో సుమారు 100 ఎకరముల విస్తీర్ణమున జాతీయ జంతు వనరుల కేంద్రము 2022లో ప్రారంభమైనది. ఉన్న జంతుశాలలను పెంచవలసినపుడెల్ల, ఇటుక గోడలు కట్టవలెనా, కర్మాగారములో చేసిన గదులను తెచ్చి అమర్చవలెనా అను ప్రశ్న వచ్చును. నా అభిప్రాయము రెండవదానివైపే.

పాత శాల ప్రక్కనే నెలల తరబడి కట్టుబడి జరిగినచో చప్పుడు, దుమ్ము తప్పవు. బెదరిన తల్లి ఎలుక తన పిల్లలనే తినివేయవచ్చును. అమర్పు గదుల పద్ధతిలో ఇచట పునాది వేయుచుండగనే, ఉక్కు రేకుల నడుమ వేడిని ఆపు పొర గల పలకలతో గదులు వేరొకచోట తయారగును. లారీలపై వచ్చి త్వరలో బిగింపబడును. నున్నని గోడలు కడుగుటకు సులువు. సంతలో కొన్న గొడ్డును మందలో కలుపక కొన్నాళ్లు వేరుగా కట్టు రైతుకు విడివిడి గదుల మేలు చెప్పనక్కరలేదు.

అయితే లోపములును గలవు. మన దేశపు మార్గదర్శకముల ప్రకారము ఈ గదులలో వేడి 18 నుండి 29 డిగ్రీల సెంటీగ్రేడు, తేమ 30 నుండి 70 శాతము ఉండవలెను. కరెంటు పోయినచో పలుచని గోడల గది మే నెల ఎండకు ఇట్టే కాగును. తీర జిల్లాల ఉప్పుగాలికి రేకులు తుప్పుపట్టును. కావున జనరేటరు, ఏటేటా అతుకుల తనిఖీ లేనిచో ఇట్టి గదులు తలపెట్టరాదు. గదులు పెరిగినవని జంతువుల సంఖ్యను ఊరక పెంచుటయు తగదు. అనవసరపు బాధ కూడదనుట 1960 నాటి చట్టము ఉద్దేశము.

ఇంత శ్రమపడి పరీక్షించిన టీకా, చింతపల్లి ఘాటీ దారిలో ఐసు పెట్టె లేక వేడెక్కినచో అంతయు వృథా. గ్రామాధికారులు ఐసు పెట్టెను చూచి మరీ సీసా తీసుకొనవలెను. రైతులు టీకా వేయు దినమున పశువులను మేతకు తోలక ఇంటనే కట్టియుంచవలెను.