అబ్బా సూరత్ మార్చకండి

మరహూం అబ్బాది మా ఇంట్లో మిగిలింది ఒకే ఒక పాస్‌పోర్ట్ సైజు తస్వీర్. దాన్ని ఫోన్లో తీసి, వాట్సాప్‌లో ఒక స్టూడియోకు పంపాను. 12×18 అంగుళాలకు పెంచి ఇచ్చారు. మాషా అల్లాహ్, ఎంత సాఫ్‌గా ఉందో! అమ్మీ చేతిలో పెడితే చాలాసేపు చూసి, "యే కౌన్ హై రే బేటా?" అంది.

కనుబొమ్మ మీద గాటు లేదు. చెంపల మీద ముడతలు లేవు.

ఆ సైజులో బాగా అచ్చు కావాలంటే 3600×5400 పిక్సెల్స్ కావాలి. వాట్సాప్ ఫోటోను కుదించేస్తుంది, అన్ని ఎక్కడివి? మామూలు సాఫ్ట్‌వేర్ పక్క పిక్సెల్స్‌ను బట్టి లెక్కగట్టి నింపుతుంది, బొమ్మ మసకబారుతుంది. ఏఐ అలా కాదు. తను నేర్చుకున్న వేరేవాళ్ల ముఖాల నుంచి అందాజాగా కొత్త కన్ను, కొత్త చర్మం గీసేస్తుంది. కొండకో పువ్వుకో అయితే ఫర్వాలేదు. పోయినవాళ్ల ముఖానికి అది జుల్మ్ అంటాను నేను. చేసేముందు ఇజాజత్ అయినా అడగాలి.

(తస్వీర్ గోడకు వేలాడదీయడం జాయెజా కాదా అనే బహస్ ఇక్కడ వద్దు. నాకు ఆల్బమ్‌కే.)

తర్వాత అసలు కాగితాన్నే 1200 డీపీఐలో స్కాన్ చేయించాను. సుమారు 1650×2125 పిక్సెల్స్ వచ్చాయి. ఆ ఫైల్‌ను వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపి, 5×7 ప్రింటు చాలన్నాను. కొంచెం మసకగానే ఉంది. అమ్మీ గాటు మీద వేలు పెట్టి, అది ఎలా పడిందో మళ్లీ మొదటి నుంచీ చెప్పింది.